మా మావయ్య కొట్లో శబ్నం మౌసీ

బరంపురం తెలుగువాడు ఏ కథ మొదలుపెట్టినా ముందు వి.వి. గిరి పుట్టింది మా ఊళ్ళోనే అని చెప్పుకోవాలి. చెప్పేశాను. ఇక అసలు సంగతికి వస్తాను: మన దేశంలో ఎమ్మెల్యే అయిన మొదటి హిజ్రా శబ్నం మౌసీ పేరు మా కొట్లో ఎలా వినబడిందో చెప్తాను.

మా మావయ్యకు పెద్ద బజారుకు ఆనుకున్న ఒక సందులో టైలరు కొట్టు ఉండేది. రెండు కాలి మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, అంచులు మసకబారిన నిలువుటద్దం, ఒక మూల గుడ్డపీలికల గుట్ట. బడి అయ్యాక నేను అక్కడే కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టేవాణ్ణి. కాలేజీకి వెళ్ళే రోజుల్లో కూడా సాయంత్రాలు అక్కడే. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, కొట్లో రెండూ కలిపి. 1936 దాకా మా ఊరు మద్రాసు వాళ్ళ గంజాం జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా, అంటే ఇప్పటి ఒడిశా, కొత్త రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఇచ్ఛాపురం అటు మిగిలింది, మేము ఇటు వచ్చాం. అయినా మా పెళ్ళి సంబంధాలూ, పంచాంగాలూ, దినపత్రికలూ గీత దాటి వస్తూనే ఉండేవి.

రెండేళ్ళకొకసారి ఠాకురాణి యాత్ర వచ్చిందంటే మావయ్యకు నిద్ర ఉండేది కాదు. బూఢీ ఠాకురాణి అమ్మవారు గుడి వదిలి దేశీబెహరా వీధికి, అంటే తన పుట్టింటికి, వచ్చి కొన్ని వారాలు ఉండి వెళ్తుంది. ఆ దేశీబెహరాలు నేతగాళ్ళ కులపెద్దలు. వాళ్ళ పూర్వీకులు రాజమండ్రి వైపు నుంచి వచ్చారని మా వాళ్ళు చెప్పుకునేవారు. అన్ని రోజులూ ఊళ్ళో వేషాలే వేషాలు. పులులు, శివుళ్ళు, కాళికలు. మొక్కు ఉన్న మగవాళ్ళు కొందరు చీర కట్టుకుని, జడ వేసుకుని, కాటుక పెట్టుకుని వీధి వీధీ తిరిగేవారు. మిగతా రోజుల్లో మీసం మీద చెయ్యి తీయని పెద్దమనుషులు నున్నగా గొరిగించుకుని వచ్చి అద్దం ముందు నిలబడి, "భుజం దగ్గర కొంచెం లూజు పెట్టు" అని మావయ్యకు చెప్పేవారు. ఎవరూ నవ్వేవారు కాదు. దేవుడి పని కదా.

ఆ జనం మధ్యలోనే అక్క కూడా వచ్చేది. మా వీధంతా ఆమెను అక్క అనే పిలిచేది. ఆమె హిజ్రా. పాత బట్టల మూట పక్కన పెట్టుకుని, మడత స్టూలు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, తన వంతు కోసం చూసేది. ఒకసారి పెళ్ళాం చీర కట్టి చూసుకుంటున్న ఒక మొక్కు భక్తుణ్ణి కిందినుంచి పైదాకా చూసి, "నువ్వు వారం రోజులు కడితే మొక్కు అంటారు బాబూ. నేను ఏడాదంతా కడితే మాత్రం వీధి చివరి నుంచే తలుపులు వేసుకుంటారు" అంది. ఆయన ఏమీ అనలేక జడ సవరించుకున్నాడు. మావయ్య మాత్రం మిషన్ ఆపి నవ్వాడు.

అప్పట్లో ఆడవాళ్ళు టైలరు దగ్గరికి ఆది జాకెట్టు పంపేవారు. కొలతలు ఇచ్చే అలవాటు తక్కువ. అక్కకు ఆది అంటూ ఏదీ లేదు. బజారులో కొన్నవి భుజాల దగ్గర పట్టేవి, ఛాతీ దగ్గర వేలాడేవి. అందుకని మావయ్య మెడలో టేపు తీసి స్వయంగా కొలిచేవాడు. ఒక్కొక్క అంకె పైకి చెబుతుంటే నేను పుస్తకంలో రాసేవాణ్ణి: భుజం, చేతి గుండ్రం, వీపు పొడవు, మెడ ముందు, మెడ వెనక. ముందు వైపు రెండు పొరలు అస్తరు వేసి, కుట్టు లోపలికి తిప్పి, చంక దగ్గర చిన్న పట్టీ అతికేవాడు. ఆ పట్టీ వేస్తే చెయ్యి పైకెత్తి చప్పట్లు కొట్టినా జాకెట్టు పైకి లేవదు. ఆ కిటుకు ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అక్క కోసమే కనిపెట్టాడు. మా అత్తకు మొదట్లో ఈ వ్యవహారం నచ్చలేదు. "మర్యాదస్తుల ఇళ్ళ నుంచి వచ్చే బేరాలు పోతాయి" అని గొణిగేది. కొన్ని పోయాయి కూడా.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, శబ్నం మౌసీ పేరు నేను మొదట చదివి వినిపించింది ఆ కొట్లోనే.

1999 అక్టోబరులో మా మీద రెండు తుఫాన్లు పడ్డాయి. 17న మొదటిది గోపాలపూర్ దగ్గర తీరం దాటి మా గంజాం జిల్లాను ఊడ్చేసింది. ఊపిరి తీసుకునే లోపే 29న పెను తుఫాను పైజిల్లాల మీద పడి వేల ప్రాణాలు తీసింది. ప్రపంచమంతా ఆ రెండోదాన్నే గుర్తుంచుకుంది. మా కొట్టు రేకులు ఎగిరిపోయింది మాత్రం మొదటిదానికే. రేకులు మళ్ళీ వేసుకుని, కాస్త తేరుకునేసరికి 2000 ఫిబ్రవరి ఎన్నికలు వచ్చాయి. నవీన్ పట్నాయక్ మా జిల్లాలోని హింజిలి నుంచి నిలబడిన మొదటి ఎన్నిక అది. జిల్లా అంతా జెండాలే. మావయ్య జాకెట్లు పక్కన పెట్టి అన్ని పార్టీల జెండాలకూ అంచులు కుట్టాడు. ఏ రంగు గుడ్డ వచ్చినా కూలి ఒకటే.

ఆ వేడిలోనే తెలుగు పత్రికలో లోపలి పేజీలో ఒక చిన్న వార్త కనిపించింది. మధ్యప్రదేశ్‌లోని షహడోల్ జిల్లా సోహాగ్‌పూర్ నుంచి శబ్నం మౌసీ అనే హిజ్రా ఎమ్మెల్యే అయ్యారని. నేను గట్టిగా చదివాను. కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. ఒక పెద్దాయన, "అక్కడి జనానికి పిచ్చెక్కిందా" అన్నాడు. సాయంత్రం అక్క వచ్చినప్పుడు మావయ్య నాతో మళ్ళీ చదివించాడు. ఆమె ఏడవలేదు, పొంగిపోలేదు. మూడే ప్రశ్నలు అడిగింది.

"ఏ పార్టీ?"

"ఏ పార్టీ కాదు అక్కా. స్వతంత్రం."

"మరి డబ్బు ఎవరు పెట్టారు?"

అది పత్రికలో లేదు.

"ఓటు ఎవరు వేశారు? మా వాళ్ళు అంతమంది ఉండరే!"

ఇప్పుడు ఆలోచిస్తే ఆ మూడో ప్రశ్నకు మించిన రాజకీయ విశ్లేషణ నేను ఏ సంపాదకీయంలోనూ చదవలేదు. ఒక నియోజకవర్గంలో హిజ్రాలు ఎంతమంది ఉంటారు? పదులు, మహా అయితే వందలు. గెలిపించింది మిగతా జనం. బొగ్గు గనుల ప్రాంతపు కూలీలు, ఆదివాసీలు, చిన్న వ్యాపారులు. కాంగ్రెస్‌నూ బీజేపీనీ కాదని ఒక స్వతంత్ర అభ్యర్థికి, అందులోనూ హిజ్రాకు, ఓటేశారు. మన దేశంలో శాసనసభకు ఎన్నికైన మొదటి హిజ్రా ఆమే.

ఆమె కథ నాకు తర్వాత విడతలు విడతలుగా తెలిసింది. పుట్టింది 1955లో. తండ్రి పోలీసు శాఖలో పెద్ద అధికారి. పరువు పోతుందని బిడ్డను పసితనంలోనే హిజ్రాలకు అప్పగించేశారు. బడి చదువు రెండేళ్ళే. కానీ ఊళ్ళు తిరగడంలో పన్నెండు భాషలు వచ్చాయని చెప్పేవారు. దీన్ని మాత్రం నేను వెంటనే నమ్మాను. ఎందుకంటే మా అక్కకు తెలుగు, ఒడియా, హిందీ, బెంగాలీ వచ్చు. హౌరా బండ్లలో పాట పాడి డబ్బులు అడిగే మనిషికి ఏ స్టేషన్‌లో ఏ భాష ఎక్కుతుందో తెలియకపోతే పూట గడవదు.

ఇలాంటి అభ్యర్థుల తరఫున ఆ రోజుల్లో తరచూ ఒక వాదన వినిపించేది: వీళ్ళకు భార్యాబిడ్డలు లేరు, ఎవరి కోసం దోచుకుంటారు అని. జనానికి ఆ మాట బాగా ఎక్కింది. నాకు మాత్రం ఎప్పుడూ మింగుడు పడలేదు. పొగిడినట్టే పొగిడి, నీకు సంసారం లేదని ఎత్తిపొడవడం అది. రెండు పార్టీల మీద కోపం తీర్చుకోవడానికి ఓటేసిన వాళ్ళూ ఉండి ఉంటారు. వేళాకోళానికి వేసిన వాళ్ళూ ఉంటారు. కానీ ఆమె ఆ కుర్చీని వేళాకోళంగా తీసుకోలేదు. ఆకలి, నిరుద్యోగం, అవినీతి తన విషయాలని చెప్పుకున్నారు. హిజ్రాల మీద చూపే వివక్ష గురించి, ఎయిడ్స్ గురించి అవగాహన కలిగించడానికి ఆ పదవిని వాడుకున్నారు. అంతదాకా హిజ్రాల ఊసు చట్టసభల్లో వచ్చిందంటే ఎవరో ఒకరు ఇంకొకర్ని తిట్టడానికే.

ఎయిడ్స్ మాట గంజాంలో మాకు పరాయిది కాదు. మా జిల్లా మగవాళ్ళు వేలకు వేలు సూరత్ మరమగ్గాలకు వెళ్ళేవారు. ఇంటికి పంపే మనియార్డర్లతో పాటు ఆ జబ్బు కూడా వచ్చింది. అక్క కొన్నాళ్ళు ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున స్టేషన్ దగ్గర, లారీల అడ్డాల దగ్గర తిరిగి జాగ్రత్తలు చెప్పింది. జీతం అంతంత మాత్రం. కానీ మెడలో గుర్తింపు కార్డు ఉండేది. ఆ కార్డు పెట్టుకుని కొట్టుకు వస్తే మా అత్త మొదటిసారి స్టూలు తుడిచి వేసింది.

శబ్నం మౌసీ పదవి 2003తో ముగిసింది. ఆ ఏడాది మధ్యప్రదేశ్ హిజ్రాలు జీతీ జితాయీ పాలిటిక్స్ అనే సొంత పార్టీ కూడా పెట్టుకున్నారు. ఆమె మాత్రం తిరిగి గెలవలేదు. అదే రాష్ట్రంలో కట్నీ నగర మేయర్‌గా గెలిచిన కమలా జాన్‌ను కోర్టు దించేసింది. ఆ స్థానం మహిళలకు కేటాయించినది, హిజ్రా మహిళ కాదు, కాబట్టి ఎన్నిక చెల్లదని. గెలిపించిన నగరం చూస్తూ ఊరుకోవలసి వచ్చింది. ఈ వార్త కూడా నేనే చదివాను. అక్క చాలాసేపు వక్క నములుతూ కూర్చుని, "అంటే గెలిచాక కొలతలు తీశారన్నమాట" అంది.

ఆమెకు ఓటు మీద ధ్యాస ఆ రోజుల్లోనే మొదలైంది. అంతకు ముందు ఆమె పేరు ఏ జాబితాలోనూ లేదు. పేరు చేర్చడానికి వచ్చిన ఉద్యోగి ఇంటి యజమాని పేరు అడిగాడు, తండ్రి పేరు అడిగాడు, చివరికి పాత పేరు అడిగి మగ అని రాసుకుపోయాడు. 2004 ఎన్నికల్లో మొదటిసారి ఓటు వేయడానికి బయల్దేరింది. మా వార్డుకు ఒక బడి వరండాలో బూత్. ఎడమ పక్క మగవాళ్ళ వరస, కుడి పక్క ఆడవాళ్ళ వరస, మధ్యలో ఒక తాడు. అక్క మంచి పట్టుచీర కట్టుకుని వచ్చింది, బరంపురం పట్టు, పెద్ద కుంభం అంచు. ఆడవాళ్ళ వరసలో నిలబడబోతే చీటీలో మగ అని ఉందని కానిస్టేబుల్ అటు పంపాడు. మగవాళ్ళ వరసలో నిలబడితే కుర్రాళ్ళు ఈలలు. ఆమె రెండు వరసలకూ మధ్య తాడు పట్టుకుని నిలబడిపోయింది. ఎండ మండుతోంది. మావయ్య తన చోటు నుంచి చెయ్యెత్తి, "అక్కా, ఇటు రా, నా ముందు నిలబడు" అని పిలిచాడు. వచ్చింది. లోపల ఒక ఏజెంటు మనిషి వేరు, పేరు వేరు అని అభ్యంతరం చెప్పాడు. ఇంకో పార్టీ ఏజెంటు, ఎన్నికల ముందు మా కొట్లో జెండాలు కుట్టించుకున్నవాడే, "ఈమె నాకు తెలుసు, మా వీధే" అన్నాడు. అధికారి ఇద్దరి మొహాలూ చూసి సంతకం పెట్టించాడు.

బయటికి వచ్చాక వేలి సిరా చూపించి మావయ్యతో అంది, "కట్నీలో కోర్టు నన్ను మగ అంది. ఇక్కడ కానిస్టేబుల్ కూడా అదే అన్నాడు. మీ ఏజెంటు ఒక్కడే 'ఈమె' అన్నాడు. నా ఓటు వాడికే పడింది పో." నిజంగా వాడి పార్టీకే వేసిందో, మాటవరసకు అందో నాకు ఇప్పటికీ అనుమానమే.

2009లో ఎన్నికల సంఘం ఓటర్ల జాబితాలో మగ, ఆడ కాక 'ఇతరులు' అని రాసుకునే వీలు ఇచ్చింది. అక్క ఆ గడిలోకి మారలేదు. "మూడు వరసలు కడతారా ఏమిటి? కట్టినప్పుడు చూద్దాం" అంది.

2013లో మున్సిపల్ ఎన్నికలు వచ్చినప్పుడు జరిగింది మాత్రం నేను మరిచిపోలేను. అప్పటికి నేను విశాఖలో ఉద్యోగంలో ఉన్నాను, సెలవుకు వచ్చాను. ఒక చోటా నాయకుడు కొట్లోకి వచ్చి అక్క ఉన్నప్పుడే మావయ్యతో బేరం మొదలుపెట్టాడు. అక్కను కార్పొరేటర్‌గా నిలబెడదాం, ఖర్చు తనది అన్నాడు. మావయ్య ముఖం వెలిగింది. అక్క తొందరపడలేదు. ధరావతు ఎంత కట్టాలి, ప్రచారానికి ఆటో ఎవరిది, ఏజెంట్లు ఎవరు అని ఒక్కొక్కటే అడిగింది. వానాకాలం మా సందులో మోకాలి లోతు నీళ్ళు నిలిచే కాలువ గురించి ఆమె దగ్గర పూర్తి లెక్క ఉంది: ఎక్కడ పూడిందో, ఎవరి అరుగు కాలువ మీదికి వచ్చిందో. ఆ అరుగుల్లో ఒకటి ఆ నాయకుడి బావమరిదిదే. మాట మీద మాట వచ్చి చివరికి తేలిందేమిటంటే, ఆయనకు అక్క గెలవక్కరలేదు. అవతలి అభ్యర్థి ఓట్లు ఓ రెండు మూడు వందలు చీలితే చాలు.

అక్క లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. "గెలిపించడానికి పిలిస్తే రేపే వస్తాను బాబూ. చప్పట్లు కొట్టించడానికైతే పెళ్ళిళ్ళకే నాకు తీరిక లేదు" అంది. అయినా ఆ రాత్రి మావయ్య దగ్గర మళ్ళీ కూర్చుని, తనంతట తాను నిలబడితే ఎలా ఉంటుందని అడిగింది. ఇద్దరూ కొలతల పుస్తకం వెనక అట్ట మీద లెక్కలు వేశారు. తెల్లారి తెలిసింది, మా వార్డు మహిళలకు కేటాయించారని. చీటీలో మగ అని ఉన్న మనిషి అక్కడ నామినేషన్ వేస్తే పరిశీలనలోనే కొట్టేస్తారు. ఒకవేళ కొట్టేయకపోయినా, గెలిచాక కమలా జాన్‌కు జరిగిందే జరుగుతుంది. పుస్తకం మూసేశారు.

ఏడాది తిరక్కుండా, 2014 ఏప్రిల్ 15న, సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తాను ఎవరో చెప్పుకునే హక్కు మనిషిదే అని, మూడో లింగాన్ని చట్టం గుర్తించాలని. ఇంకో తొమ్మిది నెలలకు మా పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లో రాయగఢ్ నగరం మధుబాయి కిన్నర్‌ను మేయర్‌గా ఎన్నుకుంది. స్వతంత్ర అభ్యర్థి, దళితురాలు. బీజేపీ అభ్యర్థి మీద 4,537 ఓట్ల ఆధిక్యం. అంతకు ముందు ఆమె బతుకుతెరువు రైళ్ళలో ఆటాపాటా. శబ్నం మౌసీ గెలుపు విన్నప్పుడు చలించని అక్క ఈ వార్తకు మాత్రం ఫోనులో ఉబ్బితబ్బిబ్బైంది. ఎమ్మెల్యే, అసెంబ్లీ అంటే ఆమెకు దూరపు మాటలు. రైలు, మున్సిపాలిటీ, కాలువ అంటే సొంత విషయాలు. "ఏ బండిలో పాడేదట?" అని అడిగింది. హౌరా-ముంబయి దారి అన్నాను. "అది మన లైను కాదు. మన లైనులో పాడి ఉంటే ఎప్పుడో ఒకసారి కలిసే ఉండేవాళ్ళం" అని నొచ్చుకుంది.

ఆ తర్వాత కబుర్లు తొందరతొందరగా వచ్చాయి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న ఐశ్వర్య ఋతుపర్ణ ప్రధాన్ తాను స్త్రీనని బాహాటంగా ప్రకటించుకున్నారు. రాష్ట్రం హిజ్రాలకు పింఛను, రేషను ఇస్తామంది. అక్కకూ పింఛను వచ్చింది, నాలుగుసార్లు తిప్పించుకున్నాక. 2018లో హైదరాబాద్ గోషామహల్ నుంచి చంద్రముఖి మువ్వల, 2019లో మంగళగిరి నుంచి తమన్నా సింహాద్రి అసెంబ్లీకి పోటీ చేశారు. ఇద్దరూ గెలవలేదు. వాళ్ళ ఫొటోలు నేను అక్కకు ఫోనులో పంపితే ఆమె చూసింది ముందు జాకెట్లు. "చంక దగ్గర లాగుతోంది చూడు. వాళ్ళ టైలరుకు పట్టీ వేయడం రాదు" అని తేల్చేసింది.

మావయ్య పోయాక కొట్టు మూతపడింది. బావ రెడీమేడ్ బట్టల దుకాణం పెట్టుకున్నాడు. అక్కకు మోకాళ్ళు సహకరించక రైళ్ళు ఎక్కడం మానేసి, శిష్యురాళ్ళ దగ్గర ఉంటోంది. నెలకోసారి నేనే ఫోను చేస్తాను.

2021 జనవరిలో మహారాష్ట్ర నుంచి ఒక వార్త వచ్చింది. జలగావ్ జిల్లా భాద్లీ బుద్రుక్ పంచాయతీలో మహిళలకు కేటాయించిన వార్డుకు అంజలీ పాటిల్ అనే ట్రాన్స్‌జెండర్ వేసిన నామినేషన్‌ను అధికారి తిరస్కరించాడు. ఆమె ఔరంగాబాద్‌లోని హైకోర్టు ధర్మాసనానికి వెళ్ళింది. తనను తాను స్త్రీగా చెప్పుకుంది కాబట్టి ఆ స్థానంలో నిలబడవచ్చని కోర్టు చెప్పింది. నిలబడింది, గెలిచింది. అక్కకు ఫోను చేసి మొదటి నుంచి చివరి దాకా చదివాను. అవతల ఏ చప్పుడూ లేకపోతే లైను తెగిందనుకున్నాను.

"మన మున్సిపల్ ఎన్నికలు ఎప్పుడట?" అంది.

ఇంకా ప్రకటించలేదన్నాను.

"మన వార్డు ఈసారి ఎవరికి పెట్టారో కనుక్కో. ఆ కాలువ ఇంకా అలాగే ఉంది."